నేను మావారి భార్యనేనట!

కిందటి చలికాలంలో థైరాయిడ్ మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీ పేరు మీద ఇన్సూరెన్స్ లేదండీ" అంది. గుండె జారిపోయింది. మేముండేది అమెరికాలో. మావారి కంపెనీ ఇన్సూరెన్స్ లేకపోతే ఇక్కడ ఆసుపత్రి గడప తొక్కలేం.

ఇంటికొచ్చి వెతికితే కూపన్ల కట్టలో రెండు ఉత్తరాలు దొరికాయి. భార్యాపిల్లలకు రుజువులు పంపండి, గడువు దాటితే పేర్లు తీసేస్తాం అని! ప్రకటనలనుకుని పక్కన పడేసింది నేనే.

"ఇరవయ్యేడేళ్ళు కాపురం చేశాక మీ భార్యనని రుజువు చూపించాలా?" అన్నాను ఉక్రోషంగా.

"అందర్నీ అడిగారే" అంటూ మావారు విడమరిచి చెప్పారు. పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్యం బిల్లులు తమ సొమ్ముతోనే కడతాయట. విడాకులైనా పేరు తీయించని వాళ్ళుంటారు. 2010 చట్టం ప్రకారం పిల్లలకు 26 ఏళ్ళు వచ్చేదాకానే. ఆ వయసు దాటిన వాళ్ళూ ఉంటారు. వాళ్ళ ఖర్చూ కలిస్తే అందరి జీతాల్లోనూ కోత పెరుగుతుంది. "పిలవనివాళ్ళు పంక్తిలో కూర్చుంటే వడ్డన తగ్గేది మనకే కదా!" అన్నారు. కాదనలేకపోయాను.

పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, టాక్స్ రిటర్న్ మొదటి పేజీ తీశాం. అందులో ఆదాయం అంకెలు కొట్టేసి పంపవచ్చు. మా పెళ్ళినాటికి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆ చట్టం 2002లో వచ్చింది. మావగారి ముందుచూపు వల్ల సర్టిఫికెట్ ఉంది. తీరా చూస్తే దాంట్లో నా పుట్టింటి ఇంటిపేరు, కంపెనీ రికార్డులో అత్తింటిది! భర్త పేరున్న నా పాస్‌పోర్టు కాపీ కూడా జతచేస్తే గాని ఒప్పుకోలేదు.

తొమ్మిది రోజులు పట్టింది. మాత్రలు చేతి డబ్బుతో కొన్నాను. బాస్కెట్‌బాల్‌కి వెళ్తానన్న అబ్బాయిని, "కాలు విరిగితే ఎవర్రా కట్టేది?" అని ఆపేశాను. చివరికి రద్దు చేసిన రోజు నుంచే మళ్ళీ కలిపామని కబురొచ్చాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

లెక్క అడగడం తప్పనను. కానీ పేరు తీసేసేముందు ఒక్క ఫోను చేస్తే ఏం పోయింది?

కంపెనీ నుంచి వచ్చిన కవరు ఏదైనా విప్పకుండా పారెయ్యకండి. పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల కాగితాలు ఒకేచోట పెట్టుకోండి. నా ఫైలైతే ఇప్పుడు నగల పెట్టె పక్కనే ఉంది!