కలక తేరని పానీయము

నీరు తేరినప్పుడే త్రాగదగినదని, నేయి తేరినప్పుడే వడ్డింపదగినదని, మాట సైతము తేటగా నున్నప్పుడే మనసున నాటునని విని పెరిగిన మనకు, కలగియుండుటయే గుణముగా గల పానీయ మొకటి కలదనిన వెంటనే నమ్మబుద్ధి పుట్టదు. బెల్జియము దేశపు గోధుమ బీరు అట్టిది. గాజుపాత్రలో పోసి వెలుతురునకు ఎత్తి చూచినచో ఆవలి వస్తువు అగపడదు. లేత పసుపువన్నెతో, పైన దట్టమైన తెల్లని నురుగుతో, ఆసాంతము మబ్బు పట్టియుండును. బీరు కాచు తక్కినవారిలో పెక్కురు ఏ దోషమును పోగొట్టుటకై వడపోతలు పట్టి, చల్లని గదులలో వారముల తరబడి నిలువచేసి శ్రమపడుదురో, ఆ దోషమును దీనినుండి తొలగించినచో రుచి కూడ దానివెంటనే పోవును. ఇంట బీరు కాచుకొను అలవాటు గల నావంటి వానికి ఇంతకంటె అనుకూలమైనది వేరొకటి లేదని నా అభిప్రాయము. అందుకు కారణము సోమరితన మొక్కటియే కాదు.

ఈ కలకకు మూలము గోధుమ. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అనగా మాల్టును, సగమును, మొలకెత్తించని పచ్చి గోధుమను ఇంచుమించు తక్కిన సగమును, వానితోడ కొలదిపాటి ఓట్సును చేర్చి వేడినీట నానబెట్టుట అచటి పద్ధతి. గింజ మొలకెత్తునప్పుడు అందలి మాంసకృత్తులు కొంతవరకు విడిపోవును. పచ్చి గోధుమలో ఆ పని జరుగదు గనుక ఆ మాంసకృత్తులు పానీయములోనికి దిగి, అడుగునకు చేరక, ఈస్టు కణములతో కలిసి తేలియాడుచుండును. జర్మనులకును గోధుమ బీరు లేకపోలేదు గాని వారిది మొలకెత్తించిన గోధుమ. అందలి లవంగపు వాసనయు, అరటిపండు వాసనయు ఈస్టు పుట్టించినవే కాని ఎవరును డబ్బాలోనుండి తీసి వేసినవి కావు. బీరునందు బార్లీ, హాప్స్ పూవులు, నీరు తప్ప వేరేమియు ఉండరాదని 1516లో బవేరియా ప్రభువులు శాసించిరి. ఆ శాసనపు నీడ నేటికిని ఆ దేశపు బీరుపై కలదు. బెల్జియమునకు అట్టి శాసనము లేకపోవుటచే అచటి వారు ధనియాలును, ఎండిన నారింజతొక్కయు నిస్సంకోచముగా వేసికొనిరి.

బ్రబంటు సీమలో, టీనెన్ పట్టణమునకు చేరువనున్న హూగార్డెన్ గ్రామము ఈ గోధుమ బీరునకు పుట్టినిల్లు. సీసాలపై 1445 అను సంవత్సరమును ముద్రించుచుందురు గాని, సీసా మీది చరిత్రను నేను మందు సీసా మీది ప్రశంసను నమ్మినంత మాత్రమే నమ్ముదును. నిశ్చయముగా చెప్పదగినదేమనగా, చుట్టును బ్రబంటు ప్రభువుల భూమి యుండగా ఈ ఊరు మాత్రము లియేజు మతాధిపతుల ఏలుబడిలో నుండి, ఇరుగుపొరుగుల పన్నులను తప్పించుకొనెను. పన్ను తేలికయైన చోట కాగు పొయ్యి నెక్కక మానదు గనుక, పదునెనిమిదవ శతాబ్దమున ఆ చిన్న ఊరిలో ముప్పదికి పైగా బీరుశాలలుండెడివి. నాటి బీరు నిలువయుండునది కాదు. వేసవిలో కొన్ని వారములకే పులిసెడిది. ఇంతలో 1842లో బొహీమియా యందలి పిల్సెన్ నగరమున, గాజు గ్లాసులో పోసినచో ఎదుటివాని ముఖము కనబడునంత తేటయైన బంగారువన్నె బీరు పుట్టి, రైలుబండ్ల వెంట యూరపు నంతటిని చుట్టివచ్చెను. మనుష్యులు కంటితో త్రాగుట నేర్చిన తరువాత మబ్బుపట్టిన గ్లాసునకు గౌరవమెక్కడిది? హూగార్డెన్ శాలలు ఒక్కొక్కటిగా మూతపడి, చివరిదైన టోమ్సిన్ వారి శాలయు 1950వ దశకమున తలుపులు మూసికొనెను.

అంతటితో ఆ రుచి భూమిమీద లేకుండ పోవలసినది. పోకుండుటకు కారణము పాలమ్ముకొను ఒక గృహస్థు. 1925లో జన్మించిన పియేర్ సెలిస్ టోమ్సిన్ వారి ప్రక్కింటనే పెరిగినవాడు. పడుచుతనమున అప్పుడప్పుడు ఆ శాలకు పోయి పనిలో సాయపడినవాడు. అది మూతపడిన పదేండ్ల పిమ్మట, 1966 ప్రాంతమున, అతడు తన యింటి గడ్డిమేడ మీద చిన్న బీరుశాల పెట్టి, మునికుటీరమను అర్థము వచ్చునట్లు దానికి డి క్లౌస్ అని పేరిడి, పోయిన బీరును మరల కాచెను. బీరు కాచు విద్యలో పట్టములు పొందినవారు ఆ దేశమున ఎందరో యుండగా ఈ పని పాలవాని చేతిలో సిద్ధించుట నాకు వింత గాదు. పాళ్లు కాగితము మీద నిలిచియుండవచ్చును. కాని కాగు నుండి ఏ వాసన లేచినప్పుడు మంట తగ్గించవలెనో, నానిన పిండిని ఎంత మెల్లగా కదపవలెనో తెలిసిన చేయి, ఒకప్పుడు ఆ ఆవిరిలో నిలిచిన చేయియే కావలెను. అందుచేత ఈ బీరు గృహస్థుల సొత్తని నేను వాదింతును. కర్మాగారములు దీనిని తరువాత కొనుక్కొనినవి.

కొనుగోలు కథయు చిన్నది కాదు. గిరాకి పెరిగి సెలిస్ పెద్ద భవనములకు మారిన పిదప, 1985లో అగ్నిప్రమాదము జరిగెను. తిరిగి కట్టుకొనుటకు ధనసాయము చేసిన ఇంటర్‌బ్రూ అను మహాసంస్థ, క్రమముగా పాళ్లు మార్చుమని తన్ను ఒత్తిడి పెట్టుచున్నదని అతనికి తోచెను. శాలను వారికే అమ్మివేసి, ఆరుపదులు దాటిన వయసున అమెరికాకు పయనమై, టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరమున 1992లో తన పేరనే మరియొక శాలను తెరచెను. అచటను చరిత్ర పునరావృత్తమయ్యెను. మిల్లర్ అను బీరు సంస్థ వాటా కొనెను, కొంతకాలమునకు శాల మూతపడెను. ఇటు హూగార్డెన్ శాలను మూసి పనిని జూపీల్ లోని పెద్ద కర్మాగారమునకు తరలింతుమని 2005లో దానిని కొనిన సంస్థవారు ప్రకటింపగా గ్రామస్థులు వీధిలోనికి వచ్చిరి. రెండేండ్లకు సంస్థవారే వెనుకకు తగ్గిరి. జూపీల్ లో రుచి కుదరలేదని లోకవార్త. సెలిస్ 2011లో కీర్తిశేషుడయ్యెను.

ఆ ఆస్టిన్ నగరముననే నా నివాసము. ఇచట తెలుగువారి కొట్లకు, గుడులకు, గోంగూరకు కొదువ లేదు. ఇంట బీరు కాచుకొనుట ఈ దేశమున చట్టసమ్మతము: 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము ప్రకారము ఒక్కరే పెద్దవారున్న ఇంట ఏడాదికి నూరు గాలనులు, ఇద్దరు గాని అంతకు మించి గాని ఉన్న ఇంట రెండువందల గాలనులు పన్ను లేకుండ కాచుకొనవచ్చును, అమ్మరాదు. మన రాష్ట్రములలో లైసెన్సు లేనిదే ఇంట మద్యము కాచుట నేరము గనుక, అచటి బంధువులు ఈ వ్యాసమును చదివి కాగు పొయ్యి మీద పెట్టవలదని మనవి.

నేను కాచునది ఒక్కమారునకు ఐదు గాలనులు, అనగా పందొమ్మిది లీటర్లు. రెండు కిలోలకు పైగా బార్లీ మాల్టు, ఇంచుమించు అంతే గోధుమ అటుకులు, గుప్పెడు ఓట్సు, అరువది ఏడు డిగ్రీల వేడినీట ఒక గంటసేపు నానినచో పిండిపదార్థము చక్కెరగా మారి తీపినీరు సిద్ధమగును. దానిని వడియబోయుటలోనే చిక్కు. బార్లీగింజకు పొట్టు కలదు. ఆ పొట్టే అడుగున పరుపై జల్లెడపని చేయును. గోధుమకు పొట్టు లేదు. అటుకులు ముద్దకట్టి బొట్టైనను దిగనీయవు. దీనికి ఈ దేశపు బీరువారు కనిపెట్టిన ఉపాయము వరి ఊక! కడిగి, ఆరబెట్టి, సంచులలో నింపి, బీరు సామగ్రి అమ్ము కొట్లలో దానిని విక్రయింతురు. మిల్లు ప్రక్కన కొండగా పడియుండు ఊకను పొయ్యిలోనికి ఎత్తిపోయుట చూచి పెరిగిన డెల్టావాడనైన నాకు, దానికి డాలర్లు చెల్లించి మోసికొని వచ్చునప్పుడు సిగ్గుపడక తప్పలేదు. దోసెడు ఊక పిండిలో కలిపినచో తీపినీరు ధారగా దిగును.

తరువాత ఒక గంట మరిగించుట. మొదటనే కొద్దిగా హాప్స్ వేయుదురు. చేదు తెలిసియు తెలియనట్లుండవలెను. దింపుటకు ఐదు నిమిషములకు ముందు ఇరువది గ్రాముల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి వేయవలెను. ఇచట మాత్రము మనవారికి కొంత గర్వపడ హక్కు కలదు. అమెరికా సూపరుమార్కెట్లలో దొరకు గుండ్రని ధనియాలకంటె, భారతీయుల కొట్లలోని కోలగా, లేతరంగున నుండు ధనియాలు నారింజవంటి పరిమళమును ఎక్కువగా ఇచ్చునని ఇచటి ఆరితేరినవారే చెప్పి, మన కొట్లకు పంపుచుందురు. మా అమ్మ ఇచటికి వచ్చియున్న దినములలో ఒకనాడు నేను ధనియాలు వేయుచుండగా ఆమె వంటింటిలోనికి వచ్చి, "చారు కాస్తున్నావేమిట్రా? ఇంగువ వేసినట్టు లేదే!" అనెను. సంగతి చెప్పితిని. బీరన్న మాటకు ఆమె అంతగా నొచ్చుకొనలేదు గాని, ధనియాలు వేయించలేదనిన మాటకు నొచ్చుకొనెను. "వేయించని ధనియాలకి పచ్చివాసన రాదూ?" ఆ పచ్చివాసనకే ఈ తపస్సంతయు! వేపుడువలన ధనియాలలోని పూలవంటి తేలిక వాసన ఎగిరిపోయి కమ్మదనము మిగులును. చారునకు కావలసినది కమ్మదనము, దీనికి కావలసినది ఎగిరిపోవునదియే. అందుకనే కట్టకడపట వేసి వెంటనే చల్లార్చుట.

ధనియాలతో పాటు వేయు నారింజతొక్క కథ ఇంకను చిత్రమైనది. పదునారవ శతాబ్దమున స్పెయినువారు తమ నారింజ మొక్కలను కరేబియను సముద్రములోని క్యురసావ్ దీవిలో నాటిరి; వాన తక్కువైన ఆ గడ్డమీద పండు నోట పెట్టరానంత చేదుగా మారెను, తొక్కలో మాత్రము పరిమళతైలము నిండెను. 1634లో దీవి డచ్చివారి వశమయ్యెను. ఆ తొక్కలు వారి ఓడలలో ఎండిన సరకై ఉత్తర దేశములకు చేరి, మద్యములలోను, ఈ బీరులోను స్థానము సంపాదించెను.

మిగిలినది ఈస్టు పని. ఇరువది డిగ్రీల చల్లదనము అందుకు హితము. టెక్సస్ వేసవిలో అది బట్టల అలమార గదిలోనే దొరకును గనుక కొన్నాళ్లపాటు నా చొక్కాలు రొట్టెల కొట్టువలె పరిమళించును. పొంగు అణగిన పిమ్మట కొలిచిన చక్కెర కలిపి దళసరి సీసాలకు ఎత్తి, రెండు వారములు ఓపికపట్టవలెను. పోయునప్పుడు ముక్కాలు సీసా వంచి, మిగిలినదానిని అడుగు మడ్డితో సహా గిరగిర త్రిప్పి పోయుట మర్యాద. గ్లాసు అంచున నారింజముక్క గ్రుచ్చుటను, 1995లో డెన్వరులో పుట్టిన బ్లూ మూన్ బీరు అమెరికావారికి అలవాటు చేసినది. లోపల తొక్క ఉండగా బయట పండెందుకో నాకు తెలియదు, నా యింట ఆ ముచ్చట లేదు.

ఈ నడుమ నా మిత్రుడొకడు తన పెరటి నారింజచెట్టును కొట్టివేయ నిశ్చయించినాడని తెలిసినది. 2021 ఫిబ్రవరిలో ఇచట పడిన భయంకరమైన మంచునకు అంటుకట్టిన తీపికొమ్మ చచ్చి, దాని క్రింది మొండి చిగిర్చి చెట్టై, ఇప్పుడు చేదుపండ్లు కాయుచున్నదట. "పచ్చడికి కూడ పనికిరావండీ, ఊరికే రాలిపోతున్నాయి," అని అతడు ఫోనులో వాపోయెను. గొడ్డలి పట్టవలదని, పండ్లు తాను పారవేసికొన్నను తొక్కలు మాత్రము ఒలిచి నీడను ఆరబెట్టి ఉంచుమని, వచ్చు శనివారము స్వయముగా వచ్చి తీసికొందునని చెప్పితిని. అతనికి ఎన్ని సీసాలు ఇయ్యవలెనను బేరము మాత్రము ఇంకను తెగలేదు.