డెల్టా కాళ్ళకు కొండదారి

కృష్ణా డెల్టా నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే పరచుకుని ఉంటుంది కాబట్టి, గుడివాడ, మొవ్వ, అవనిగడ్డ ప్రాంతాలవారికి చిన్ననాటి నుంచి అలవడేది కాలవగట్ల మీద, పొలం డొంకల్లో సాగే చదునైన నడకే. డెల్టాకు శిరస్సున ఉన్న విజయవాడలో మాత్రం ఆ చదును ఒక్కసారిగా తెగిపోతుంది: ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ, మొగల్రాజపురం, గుణదల కొండలు ఊళ్ళోనే లేచి నిలబడగా, కృష్ణకు ఆవలి వైపున మంగళగిరి, ఎగువ దిక్కున కొండపల్లి అడవి కొండలు ఉన్నాయి. మొక్కు తీర్చుకోవడానికి కొండ ఎక్కడం పూర్వం నుంచీ ఉన్నదే. ట్రెక్కింగ్ పేరిట సెలవునాటి ఉదయం కొండపల్లికో మూలపాడు అడవికో బయలుదేరడం కొత్తగా వచ్చిన అలవాటు. ఈ రెండు వర్గాలవారూ మర్నాడో మూడోనాడో వైద్యుని ముందు కూర్చుని వేసే ప్రశ్న ఒకటే: రోజూ గంటసేపు నడిచే మనిషికి ఇలా ఎందుకయింది? చదును నేల మీద నడక, ఎక్కుడు, దిగుడు అనేవి శరీరానికి మూడు వేర్వేరు పనులనీ, ఒకదానిలో సాధించిన నేర్పు మిగిలిన రెండింటికీ దానంతట అది అబ్బదనీ గ్రహించినప్పుడే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

విశ్రాంతిగా కూర్చున్న శరీరం వాడుకునే ప్రాణవాయువును ఒక కొలతగా తీసుకుని వైద్యులు దానిని మెట్ అంటారు. చదును నేల మీద మామూలు నడకకు దానికి మూడు నాలుగు రెట్లు చాలగా, మెట్లదారిని ఆగకుండా ఎక్కడానికి ఆరు నుంచి ఎనిమిది రెట్ల వరకు అవసరమవుతుంది. ఎక్కేవాడు తన బరువు మొత్తాన్ని అడుగడుగునా పైకి ఎత్తుకోవలసి రావడమే దీనికి కారణం. స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే, మూడు మైళ్ళ దూరానికి ఒక గంట చొప్పున లెక్కవేసి, ఎక్కే ప్రతి రెండు వేల అడుగుల ఎత్తుకూ మరొక గంట కలపాలని సూత్రం చెప్పాడు. దూరాన్ని మాత్రమే చూసి, ఎత్తును లెక్కలోకి తీసుకోకుండా బయలుదేరేవారు మొదటి అరగంటలోనే ఆయాసపడటం ఇందువల్లనే.

ఈ అదనపు భారమే, చదును నేల మీద ఏళ్ళ తరబడి దాగి ఉన్న గుండె జబ్బును బయటపెడుతుంది. వైద్యులకు తరచుగా ఎదురయ్యే రోగి యాభై అయిదు, అరవై ఏళ్ళ మధ్యవాడు, ఉద్యోగ విరమణ చేసినవాడు, బందరు కాలవ వెంబడి రోజూ నడిచేవాడు. ఇడ్లీ తిని కొండ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికి రొమ్ము మధ్యలో బిగింపు వచ్చి, కూర్చోగానే తగ్గి, లేచి నడిస్తే మళ్ళీ రావడంతో, దానిని గ్యాస్ నొప్పిగా భావించి సోడా తాగి ఇల్లు చేరతాడు. లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ ఈ వ్యాధికి యాంజైనా అని పేరు పెట్టి, 1772లో అచ్చయిన తన వ్యాసంలో, ఇది నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, అందులోనూ భోజనం చేసిన వెంటనే వస్తుందనీ, నిలబడిపోతే పోతుందనీ వర్ణించాడు. రెండున్నర శతాబ్దాలు గడిచినా ఆ వర్ణనలో మార్చవలసినది ఏమీ లేదు. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనులు సన్నబడినప్పుడు, సాధారణ నడకకు చాలిన రక్తం ఎక్కుడుకు చాలకపోవడమే యాంజైనా. ఒకేపాటి శ్రమకు వచ్చి, విశ్రాంతితో పోయే నొప్పి గ్యాస్ కాదని డెల్టాలోని ప్రతి ఇంటికీ తెలియవలసి ఉంది, ఎందుకంటే ఆ ఒక్క పొరపాటు వల్ల కోల్పోయే సమయం కొన్నిసార్లు తిరిగి రాదు. కూర్చున్నా తగ్గని నొప్పికి, చెమటలతో కూడిన నొప్పికి 108 వాహనాన్ని పిలవడం తప్ప వేరే ఆలోచన ఉండకూడదు. నలభై ఏళ్ళు దాటి, షుగర్, బీపీ, పొగతాగే అలవాటు, కుటుంబంలో గుండె జబ్బు వంటివి ఉన్నవారు మొదటి కొండకు ముందే వైద్యుణ్ణి కలిసి, ఆయన అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

అయితే వైద్యశాలకు వచ్చేవారిలో ఎక్కువమందిది గుండె బాధ కాదు, తొడల బాధ, మోకాళ్ళ బాధ. ఇక్కడ ఒక విచిత్రం గమనింపదగినది: అలిపిరి నుంచి దాదాపు మూడున్నర వేల మెట్లెక్కి తిరుమల చేరిన భక్తుడు సాధారణంగా బస్సులో దిగి వస్తాడు, అంతకంటే ఎంతో చిన్నదైన కొండపల్లి కొండను ఎక్కి, కాలినడకనే దిగివచ్చిన యువకుడు మాత్రం రెండోనాడు ఇంటి మెట్లు దిగలేక గోడ పట్టుకుంటాడు. తేడా ఎక్కుడులో కాక దిగుడులో ఉంది. ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం బిగిసి ఉంటూనే సాగుతూ, వాలులో బండికి బ్రేకు పట్టినట్లు, దేహభారాన్ని ఆపవలసి వస్తుంది. ఈ రెండో రకం పనిని ఎక్సెంట్రిక్ సంకోచం అంటారు. అలవాటు లేని కండరపు నారలలో దీనివల్ల సూక్ష్మమైన చిరుగులు ఏర్పడి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య నొప్పి పరాకాష్ఠకు చేరి, వారం లోపల దానంతట అదే తగ్గుతుంది. దిగుడులో ఆయాసం లేకపోవడం చేత జనం దానిని సులువైన భాగంగా భావించి పరుగు తీస్తారు. గుండె విశ్రాంతిగా ఉన్న ఆ సమయంలోనే మోకాలి మీద శరీర బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి పడుతుంది. మోకాలి చిప్ప వెనుక పుట్టే ఆ నొప్పిని గుజ్జు అరిగిపోవడంగా నిర్ణయించుకుని నడక మానుకునే మధ్యవయసు స్త్రీలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి కావలసింది విశ్రాంతి కాదు, తొడ కండరాలకు బలం. మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే మాత్రం, చిరిగిన కండరం నుంచి మయోగ్లోబిన్ అనే పదార్థం విడుదలై మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉన్నందున, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

కార్తిక సోమవారాలలో, భవానీ దీక్షల కాలంలో మరొక తరహా రోగి వస్తాడు. షుగర్ మాత్ర ఉదయమే వేసుకుని, ఉపవాసంతో కొండ ఎక్కినవాడికి, గ్లిమిపిరైడ్ వంటి మందు ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూ ఉండగా, పనిచేసే కండరాలు కూడా రక్తంలోని గ్లూకోజును లాగేసుకోవడంతో, అది 70 మిల్లీగ్రాముల లోపుకు పడిపోయి, వణుకు, చెమట, మాట తడబాటు కలుగుతాయి. అటువంటివాడికి స్పృహ ఉన్నంతవరకు 15 గ్రాముల చక్కెరో బెల్లమో నీటిలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించాలి. మంగళగిరి పానకాల స్వామి కొండ మీద ప్రసాదమే బెల్లపు పానకం కావడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగిన భాగ్యం. నరాలు మొద్దుబారిన షుగర్ రోగి చెప్పులు లేకుండా ఎండకు కాలిన రాతిమెట్ల మీద నడిస్తే, పాదాలు బొబ్బలెక్కిన సంగతి కూడా అతనికి తెలియదు. ఆ బొబ్బ పుండుగా మారి నెలల తరబడి బాధించడాన్ని చూసిన వైద్యుడెవరూ పాదాల స్పర్శను పరీక్షించకుండా దీక్షకు అనుమతి ఇవ్వడు.

డెల్టా ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడదు. గంటకు లీటరు వరకు చెమట పోయే శరీరానికి నీటితో పాటు ఉప్పు కూడా కావాలి. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ అందుకు తగినవి, బీపీకి, గుండెకు మందులు వాడేవారు మాత్రం ఉప్పు మోతాదును వైద్యుణ్ణి అడగాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తికమకపడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసురుతూనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రోహిణి కార్తెలో మొదటి కొండ ఎక్కడాన్ని ఏ కారణంతోనూ సమర్థించలేము. కార్తికం నుంచి మాఘం వరకు ఉన్న తెల్లవారుజాములు అందుకు అనువైనవి.

ఆరంభం ఇంటి మెట్ల దగ్గరే కావాలి. లిఫ్టు మాని, రెండు మూడు అంతస్తులు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా ఎక్కి, అంతకంటే నెమ్మదిగా దిగడం వారానికి మూడు రోజుల చొప్పున నెలన్నర సాధన చేస్తే, దిగుడుకు తొడ కండరాలు అలవాటుపడతాయి. కొద్దిపాటి దిగుడు సాధన కూడా తరువాతి నొప్పిని ఎంతో తగ్గించడం ఈ కండరానికున్న గుణం. ఆ తరువాత 1968లో గాంధీ స్తూపం వెలసిన కొండ, దాని తరువాత మంగళగిరి మెట్లు, చివరకు రాళ్ళూ రప్పలతో నిండిన కొండపల్లి అడవిబాట అనే క్రమం విజయవాడవారికి అందుబాటులోనే ఉంది. అడవిబాటకు మడమ జారని, పట్టు ఉన్న బూట్లు, దిగుడులో మోకాలి భారాన్ని పంచుకునే చేతికర్ర అవసరం; రక్తపింజర ఉండే నేల కాబట్టి రాళ్ళ సందుల్లో చేయి పెట్టకూడదు, కాటు పడితే కోయడం, కట్టు బిగించడం మాని, కాలు కదలనీయకుండా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. యాంజైనాకు చికిత్స పొందినవారికి కూడా కొండ శాశ్వతంగా నిషిద్ధం కాదు. వైద్యుని పర్యవేక్షణలో ట్రెడ్‌మిల్ మీద తిరిగి శక్తి పుంజుకున్నాక, నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఉంచుకుని, తోడు ఒకరితో, ఖాళీ కడుపున కాకుండా, భోజనమైన వెంటనే కూడా కాకుండా, సగం మెట్ల వరకు ఎక్కి దిగడంతో వారు మొదలుపెట్టవచ్చు.