గ్రౌండు అదే, జెర్సీ వేరు

నేను ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీకి వెళ్లేసరికి కబడ్డీ సెలక్షన్స్ మొదలు కాబోతున్నాయి. ఒక పీడీ మాస్టారు చెట్టు కింద టేబుల్ వేసుకుని ఎలిజిబిలిటీ ఫారాలు చూస్తున్నారు. ప్రతి ఫారానికీ ఒక ఫొటో, సగం దాని మీద పడేలా ప్రిన్సిపాల్ స్టాంపు, వెనక పదో తరగతి మెమో జిరాక్సు ఉండాలి. స్టాంపు ఫొటోకు తగలని ఒక ఫారాన్ని ఆయన పక్కన పెట్టేశారు. ‘‘జోనల్‌కి వెళ్లాక ఇదే పట్టుకుంటారు. పిల్ల ఆట పోతాది’’ అన్నారు.

ఆయన చదువుకునే రోజుల్లో ఈ ప్రాంగణం ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్. 1977లో మొదలై, 2008లో సొంత యూనివర్సిటీ అయింది. శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీలు విశాఖను వదిలి దీని కిందికి వచ్చాయి. అంతకుముందు ఇచ్ఛాపురం కుర్రాడైనా యూనివర్సిటీ జట్టులో చోటు కోసం విశాఖ కాలేజీల వాళ్లతో పోటీపడాలి. ఇప్పుడు ఇక్కడే పన్నెండు మంది జట్టు తయారవుతుంది.

‘‘చోట్లు పెరిగాయి, కాదనను. కానీ విశాఖ వాళ్లతో ఆడితేనే మన పిల్లలకు మన లోటు తెలిసేది. ఇప్పుడది తెలిసేసరికి సౌత్ జోన్ యూనివర్సిటీ పోటీల్లో ఉంటున్నాం’’ అన్నారు మాస్టారు.

విజయనగరం వైపు ఇంజనీరింగ్ కాలేజీలవి ఇంకో రకం తిప్పలు. మొదట హైదరాబాద్ జేఎన్‌టీయూ కింద ఉండేవి. 2008లో కాకినాడ కిందికి వెళ్లాయి. 2022లో విజయనగరం క్యాంపస్సే జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ అయ్యాక దాని కిందికి వచ్చాయి. కాలేజీ కదల్లేదు, గ్రౌండు కదల్లేదు. జెర్సీ మీద పేరే మారుతూ వచ్చింది.

అమెరికాలోనూ ఇలాంటి మార్పులుంటాయి గానీ, అక్కడ ఏ క్రీడా కూటమిలో ఆడాలో కాలేజీలే తేల్చుకుంటాయి. 1915లో మొదలైన పాక్-12 కూటమి నుంచి 2024లో పది యూనివర్సిటీలు వెళ్లిపోయి రెండే మిగిలాయి. టీవీ హక్కుల డబ్బే దానికి ప్రధాన కారణం. మన దగ్గర కాలేజీని అడిగేవాళ్లు లేరు. సర్కారు కొత్త యూనివర్సిటీ పెడుతుంది, కాలేజీ దాని కిందికి వెళ్తుంది.

ఒడిశా సరిహద్దు దగ్గర ఈ మార్పు మరీ వింతగా ఉంటుంది. పాతపట్నం, పర్లాకిమిడి పక్కపక్క ఊళ్లు. ఒకప్పుడు పర్లాకిమిడి కాలేజీ కూడా ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేది. ఇప్పుడది 1967లో ఏర్పడిన బరంపురం యూనివర్సిటీ పరిధి. అక్కడి ఆటగాళ్లు ఈస్ట్ జోన్‌కి వెళ్తారు, పాతపట్నం వాళ్లు సౌత్ జోన్‌కి. ఇరుగుపొరుగు పిల్లలే అయినా యూనివర్సిటీ పోటీల్లో జోన్ దాటితే తప్ప ఎదురుపడరు. జోన్ల మధ్య జరిగే యూనివర్సిటీ క్రికెట్ ట్రోఫీ ఉన్నది మాత్రం మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ పేరు మీద.

మరి నిలకడ ఎక్కడుంది? నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో కనబడింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం తెచ్చిన మత్స సంతోషిది ఈ ఊరే. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు అరచేతులకు సుద్దపొడి రాసుకుని బార్‌బెల్ దగ్గర వరసలో నిలబడ్డారు. ‘‘ఏ యూనివర్సిటీ తరఫున ఆడతావమ్మా?’’ అని ఒక అమ్మాయిని అడిగాను. ‘‘ఏ కాలేజీలో సీటొస్తే దానికే సార్. బరువేటి మారుతాదా?’’ అంది.

2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి కూడా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచే బయల్దేరింది. ఉత్తరాంధ్ర ఆటకు ఊళ్లో సాధన చేసే చోటు, పట్టు వదలని గురువు ఆధారం. పైన ఎవరి బోర్డు ఉందన్నది తర్వాతి సంగతి.

కొత్త యూనివర్సిటీలు వద్దనడం నా ఉద్దేశం కాదు. పీడీ మాస్టారు చెప్పిన లోటు తీరడానికి దారి ఉంది. ఆంధ్రా, అంబేద్కర్, గురజాడ యూనివర్సిటీలు మూడూ కలిసి, సౌత్ జోన్‌కి ముందు ఏటా ఒక ఉమ్మడి టోర్నమెంట్ నడపాలి. విశాఖలో ఒక ఏడు, ఎచ్చెర్లలో ఒక ఏడు, విజయనగరంలో ఒక ఏడు. ముగ్గురు వైస్ ఛాన్సలర్లు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే ఏడాదే మొదలుపెట్టొచ్చు.