తల్లి తిన్నది బిడ్డలకు అందింది

గొంతు బొంగురుపోయినా, దగ్గు వదలకపోయినా మన ఇళ్లలో ముందుగా గుర్తుకు వచ్చేది తేనె సీసా. దివ్య ఖుర్ఆన్‌లో తేనెటీగ పేరిట ఒక సూరాయే ఉంది. అన్నహ్ల్ సూరాను పారాయణం చేసే కుటుంబాలకు తేనెలోని స్వస్థత గురించి వేరుగా చెప్పనవసరం లేదు. అయితే మనకు ఔషధాన్ని సమకూర్చే ఆ చిన్న ప్రాణికే జబ్బు చేస్తే? తేనె ధర గురించి, కల్తీ గురించి మనం వాదించుకున్నంతగా ఈ సంగతి మాట్లాడుకోము.

తేనెటీగల పెంపకందారులు మిక్కిలి భయపడే వ్యాధి అమెరికన్ ఫౌల్‌బ్రూడ్. పేరులో అమెరికా ఉన్నా అది అనేక ఖండాలలో ఉంది. పెనిబాసిల్లస్ లార్వే అనే బాక్టీరియా దీనికి కారణం. పెద్ద ఈగలకు ఇది సోకదు. గుడ్డు నుంచి వెలువడి రెండు మూడు రోజులైనా నిండని పిల్లపురుగులకు ఆహారంతోపాటు సోకుతుంది. అవి మైనపు గదిలోనే కుళ్లి గోధుమరంగు జిగురుగా మారతాయి. అగ్గిపుల్ల ముంచి తీస్తే ఆ జిగురు దారంలా సాగుతుంది. చనిపోయిన పిల్లలను తొలగించి గదిని శుభ్రపరచే ఈగలే, తెలియక, రోగబీజాలను తక్కిన పిల్లలకు మోసుకుపోతాయి. యాంటీబయాటిక్ మందులు పెరుగుతున్న బాక్టీరియాను అణచగలవు గానీ దాని సిద్ధబీజాలను చంపలేవు. ఆ బీజాలు దశాబ్దాల తరబడి పెట్టె చెక్కలలో సజీవంగా ఉంటాయి. అందుకే చాలాచోట్ల పెట్టెలను ఈగలతో, చట్రాలతో, తేనెతో సహా గొయ్యి తీసి తగులబెడతారు. ఏళ్లుగా సాకిన గూళ్లకు తన చేతితోనే నిప్పుపెట్టే రైతు బాధను మాటల్లో చెప్పడం కష్టం.

ఈ రోగం మనుషులకు రాదు. ఏడాది నిండని పసివారికి తేనె నాకించరాదని వైద్యులు చెప్పేది వేరొక బాక్టీరియా బీజాల వల్ల. ఆ హెచ్చరికను తల్లులు తప్పక పాటించాలి.

తేనెటీగలకు టీకా వచ్చిందన్న వార్తను మేము ఇంట్లో చదివి వినిపించినప్పుడు మా చిన్నమ్మాయి, “అమ్మీ, అంత చిన్న ఈగకు సూది ఎక్కడ పొడుస్తారు?” అని అడిగింది. అందరమూ నవ్వాము గానీ, అది చిన్న ప్రశ్నేమీ కాదు. మన శరీరం యాంటీబాడీల ద్వారా రోగాన్ని గుర్తుంచుకుంటుంది. కీటకాలలో యాంటీబాడీలే ఉండవు. ఇక వాటికి టీకా ఏమిటి?

ఆ చిక్కుముడి ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో విడివడింది. తల్లి కీటకం బాక్టీరియాను తింటే దాని సంతతికి రక్షణ కలుగుతున్నదని డాలియల్ ఫ్రైటాక్ చిమ్మెటలలో గమనించారు గానీ, అది ఎలా అందుతున్నదో తెలియలేదు. అక్కడే హేలి సాల్మెలా అనే పరిశోధకురాలు తేనెటీగలలోని విటెల్లోజెనిన్‌పై కృషి చేస్తున్నారు. గుడ్డులోని సొనకు మూలమైన ప్రోటీన్ అది. ఆమె ప్రసంగం వింటుండగా ఫ్రైటాక్‌కు తాను వెదుకుతున్న వాహకం అదేనేమోనని తోచింది. బాక్టీరియా తునకలను గుడ్లలోనికి చేరవేసేది ఆ ప్రోటీనేనని 2015లో తమ సహచరులతో కలిసి ప్రచురించారు.

కనుక సూది అవసరం లేదు. చంపిన బాక్టీరియాను రాణి ఈగ మేతలో కలుపుతారు. ఆ మేతను కూలి ఈగలు తిని, తమ గ్రంథుల నుంచి స్రవించే రాయల్ జెల్లీ ద్వారా రాణికి అందిస్తాయి. రాణి దేహంలో ఆ తునకలు విటెల్లోజెనిన్‌ను అంటిపెట్టుకొని అండాశయాలకు చేరుతాయి. పుట్టబోయే పిల్లలు శత్రువును ఎదుర్కొనే సన్నద్ధతతోనే పుడతాయి. అమెరికాలోని డాలన్ యానిమల్ హెల్త్ సంస్థ తయారుచేసిన ఈ టీకాకు ఆ దేశపు వ్యవసాయ శాఖ షరతులతో కూడిన అనుమతి ఇచ్చిందని 2023 జనవరిలో ప్రకటించారు. తేనెటీగలకు అనుమతి పొందిన తొలి టీకా ఇదే.

దీనిని సర్వరోగ నివారిణిగా భావించడం తొందరపాటు. ఇది నివారణే గాని చికిత్స కాదు. రోగం ముదిరిన గూటిని బాగుచేయదు. రాణి మారితే కొత్త రాణికి మళ్లీ పెట్టవలసిందే. 1990ల ఆరంభంలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణ భారతంలో మన నాటు తేనెటీగల పెట్టెలను ఖాళీ చేసింది. అదీ పిల్లపురుగులను చంపే రోగమే, కానీ ఈ టీకా దానికోసం తయారైనది కాదు. నాడు కేరళ పెంపకందారులు తట్టుకొని బతికిన గూళ్లను ఏరి, వాటి సంతతినే వృద్ధి చేసుకుంటూ మళ్లీ పెట్టెలు నింపుకున్నారు.