ఎముకలు ఏరుదాం రండి!

సెలవులొస్తే ఎవరైనా కొండకో కోనకో వెళ్లి హాయిగా సేదతీరుతారు. కొందరు మాత్రం డబ్బు కట్టి మరీ ఓ మారుమూల దీవికెళ్లి, బురదలో నడుస్తూ, దోమల చేత కుట్టించుకుంటూ చచ్చిన జంతువుల ఎముకలు ఏరుకొస్తారు. ఆ వింత విహారయాత్రకు వేదిక అమెరికాలోని ఐల్ రాయల్ నేషనల్ పార్కు.

విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన మంచినీటి సరస్సు సుపీరియర్. అందులో దాదాపు 72 కిలోమీటర్ల పొడవున ఉందీ దీవి. మిషిగన్ రాష్ట్రంలోని హౌటన్ నుంచి ఓడలో సుమారు ఆరు గంటల ప్రయాణం. దీవిలో కార్లుండవు. ఎటు వెళ్లాలన్నా నడక, లేదంటే పడవ. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వరకూ సందర్శకులకు పార్కు తలుపులు మూసేస్తారు.

ఇక్కడి అసలు కథానాయకులు మూస్‌లు, తోడేళ్లు. మూస్ అంటే గుర్రమంత ఎత్తుండే భారీ దుప్పి. 1900ల తొలినాళ్లలో అవి దీవికి చేరాయి. 1940ల చివర్లో గడ్డకట్టిన సరస్సు మీదుగా తోడేళ్లు నడిచొచ్చాయి. ఈ రెంటి మధ్యా సాగే పోరును 1958 నుంచీ శాస్త్రవేత్తలు గమనిస్తూనే ఉన్నారు. చలికాలంలో విమానంలో తిరుగుతూ వాటిని లెక్కిస్తారు. వేసవిలో వాలంటీర్ల వంతు.

నలుగురైదుగురు ఓ జట్టుగా దారీతెన్నూలేని అడవిలో వారం రోజులు గాలిస్తారు. ఎవరి గుడారం, తిండి వాళ్లే మోసుకోవాలి. చెరువు నీటిలో బద్దెపురుగుల గుడ్లు ఉండొచ్చు కాబట్టి కాచిగానీ వడగట్టిగానీ తాగాలి. పుర్రె, దవడ, కాలి ఎముక... ఏది దొరికినా వీపున వేసుకుని రావాల్సిందే!

ఇంత కష్టం ఎందుకంటే, ఎముకల్లో మూస్ జాతకమంతా ఉంటుంది. పన్ను కోసి చూస్తే చెట్టు మానులో వలయాల్లా పొరలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది. పసితనంలో సరిగా తిండి దొరకని మూస్‌లకు పెద్దయ్యాక కీళ్లవాతం ఎక్కువగా వస్తోందనీ, అలాంటివే తోడేళ్లకు తేలిగ్గా చిక్కుతున్నాయనీ చెప్పింది ఈ ఎముకలే.

తోడేళ్ల ఎముకలూ ఓ చేదు నిజం చెప్పాయి. తమలో తాము జతకట్టడంతో వాటికి వెన్నెముక లోపాలొచ్చాయి. 1980లో 50 ఉన్న తోడేళ్లు 2016 నాటికి రెండే మిగిలాయి, అవీ తండ్రీకూతుళ్లు! అడ్డులేని మూస్‌లు 2019కల్లా రెండు వేలు దాటి లేత ఫర్ చెట్లను మేసేశాయి. ప్రకృతిలో మనిషి వేలు పెట్టొచ్చా అని ఏళ్లపాటు తర్జనభర్జన పడ్డాక, 2018-19లో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదిలారు.

2024 లెక్క ప్రకారం తోడేళ్లు 30, మూస్‌లు సుమారు 840. అయితే వాతావరణం వేడెక్కి, తోడేళ్లు నడిచొచ్చిన ఆ మంచు వంతెన ఇప్పుడు అరుదైపోయింది. కొత్త తోడేలు దానంతటది వచ్చే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఈ తరమూ పాత దారే పడుతుందా అన్నది ముందుగా చెప్పగలిగేది, వాలంటీర్ల వీపు మీది ఆ బరువు మూటలే!