జనం వచ్చారు, మంద వచ్చింది

తెనాలి పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్ల కాంప్లెక్స్ సమావేశం జరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. పదో తరగతి గదిలో, పిల్లల బెంచీల మీద టీచర్లు సర్దుకుని కూర్చున్నారు. బోర్డు మీద ఒకటే వాక్యం: ‘ద కమిటీ ... మెట్ ఎస్టర్‌డే’. ఆ ఖాళీలో ‘హూ’ రాయాలా, ‘విచ్’ రాయాలా?

“కమిటీ మనిషా ఏమిటండీ? విచ్ తప్ప ఇంకోటి పడదు,” అన్నారు సీనియర్ మాస్టారు. “కమిటీలో ఉండేది మనుషులే కదా మాస్టారూ,” అంది కొత్తగా చేరిన టీచరమ్మ.

శిక్షణ ఇస్తున్న మేడం ఇఫ్లూలో చదువుకున్నారు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో హైదరాబాద్‌లో మొదలైన సంస్థ అది. పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. ఆమె తీర్పు చెప్పలేదు. అదే మాట తెలుగులో చెప్పమన్నారు. “నిన్న సమావేశమైన కమిటీ,” అన్నారందరూ. వచ్చిన మనిషైనా, వచ్చిన బస్సైనా మనకు ‘వచ్చిన’ ఒక్కటే. హూ, విచ్‌లకు అక్కడ చోటే లేదు. మన పిల్లలు తడబడేది ఇక్కడే. దాన్ని తెలివితక్కువతనంగా లెక్కగట్టడం అన్యాయమని నాకెప్పటి నుంచో ఉంది.

“పోనీ, క్రియ చూడండి,” అన్నారు మేడం. ప్రభుత్వం ప్రకటించింది. జనం వచ్చారు. ‘జనం’ అన్న మాటకు ‘లు’ లేదు, అయినా ‘వచ్చింది’ అనం. పెళ్లికి ఊరంతా వచ్చారంటాం. ఆ ఊరే తుఫానుకు దెబ్బతింటే ఊరంతా మునిగిందంటాం. గుంపును ఒకే ముద్దగా చూస్తున్నామా, అందులోని మనుషులను చూస్తున్నామా అన్నది మన నోటికి ముందే తెలుసు. బ్రిటిష్ ఇంగ్లిష్ అడిగేదీ అదే. పక్కింట్లో కాపురముంటున్న కుటుంబమైతే ‘ద ఫ్యామిలీ హూ లివ్ నెక్స్ట్ డోర్’. మిల్లుకు యజమాని అయిన కుటుంబమైతే ‘ద ఫ్యామిలీ విచ్ ఓన్స్ ద మిల్’. ‘హూ’ వస్తే క్రియ బహువచనం, ‘విచ్’ వస్తే ఏకవచనం. రెండూ కలిపేసి ‘ద టీమ్ విచ్ ఆర్’ అని రాస్తేనే చెవికి ఎగుడుదిగుడుగా ఉంటుంది. క్రికెట్ వార్తల్లో ‘ఇండియా ఆర్’ అని చదివి పెరిగిన వాళ్లకు ఈ బహువచనం కొత్త కాదు. అమెరికా వాళ్లు మాత్రం ఎక్కువగా ఏకవచనానికే మొగ్గుతారు. మనుషుల సంగతి చెప్పాలంటే ‘ద మెంబర్స్ ఆఫ్ ద కమిటీ హూ’ అని విడదీస్తారు. ‘పోలీస్’ అన్న మాటకు ఈ బాధ లేదు, ఎక్కడైనా ‘హూ ఆర్’. ‘హూజ్’ రెండు వైపులా నడుస్తుంది.

ఇంకొకాయన లేచి, “మేడం, అమ్మాయి వచ్చింది అంటాం. మరి విచ్ అవుతుందా?” అన్నారు. అవసరమైన ప్రశ్న. ఈ కొలత గుంపును చెప్పే మాటలకే పనికొస్తుంది, ఒక్క మనిషి దగ్గర పనికిరాదని మేడం తేల్చి చెప్పారు. నిజానికి మనుషులకు ‘హూ’ అన్న నియమం కూడా ఇంగ్లిష్‌లో మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, ప్రభువు ప్రార్థనలో పరలోకపు తండ్రికి వాడింది ‘విచ్’ అనే.

మంద సంగతి కూడా వచ్చింది. మంద వచ్చింది, పశువులు వచ్చాయి. ఎన్ని ఉన్నా ‘వచ్చారు’ అనం. ఇంగ్లిష్‌లోనూ అంతే: ‘ద క్యాటిల్ విచ్ ఆర్ గ్రేజింగ్’. అంటే బహువచనం ఒక్కటే చాలదు, ఆ గుంపులో మనుషులుంటేనే ‘హూ’. మన ‘వచ్చారు’, ‘వచ్చాయి’ల మధ్య గీత సరిగ్గా అక్కడే ఉంది. ఇంత చక్కని కొలత పిల్లల నోట్లోనే ఉండగా, తెలుగు మాట్లాడనివ్వకుండా ఇంగ్లిష్ వ్యాకరణం చెప్పే పద్ధతి నాకు మింగుడుపడదు.

చివరికి మాట మార్కుల దగ్గరికొచ్చింది. జవాబుల కీలో ‘విచ్’ ఒక్కటే ఉంటే ‘హూ’ రాసిన పిల్లవాడికి సున్నా. తమ స్లిప్ టెస్టుల్లో రెండింటికీ మార్కులు వేయాలని అందరూ ఒప్పుకున్నారు. సీనియర్ మాస్టారు ఒక షరతు పెట్టారు: “హూ రాసి పక్కన ఈజ్ పెడితే మాత్రం నేను వెయ్యను.” మేడం ఆ షరతును కూడా బోర్డు మీద రాశారు.