వలీమా దుస్తులు ఇంట్లోనే

చమ్కీ బట్ట ఇంట్లో కుట్టేది కాదని, అది కార్ఖానాలకే చెల్లిన పని అని మన ఇళ్లలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నిరుడు మా చెల్లెలి కుమార్తె నికాహ్ నిశ్చయమైనప్పుడు ఈ అభిప్రాయమే ఆ కుటుంబాన్ని వడ్డీ అప్పు దాకా తీసుకువెళ్లింది.

మా మరిది మరణించి మూడేళ్లయింది. వరుని తరఫువారు కట్నం ప్రస్తావనే తేలేదు. అల్లాహ్ వారికి శుభం ప్రసాదించుగాక. అయితే వలీమా రోజున చమ్కీలు నిండిన పొడవాటి కుర్తా, దుపట్టా ధరించాలని అమ్మాయి ముచ్చటపడింది. కర్నూలులో ఒక దుకాణంలో 28 వేలు చెప్పారు. "ఒక్కసారికే కదా ఆపా, నెలనెలా తీర్చేస్తాను" అంది చెల్లెలు. వడ్డీ గురించి ఆమెకు నేను కొత్తగా బోధించవలసినదేమీ లేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా ముఖం వైపు చూడలేదు. అమ్మాయి ముచ్చటను తప్పుపట్టడానికీ నాకు మనసొప్పలేదు. స్త్రీకి అలంకారం ధర్మసమ్మతమే, పెళ్లికూతురికి మరీను. "బట్ట కొందాం, మనమే కుడదాం" అన్నాను.

హైదరాబాదు వెళ్లి పత్తర్‌గట్టిలో బట్ట తెచ్చాం. నెట్ మీద కుట్టిన చమ్కీ, లోపలికి మెత్తని అస్తర్, దారాలు, సూదులు అన్నీ కలిపి 4,300 రూపాయలయింది.

ఒక చిన్న ముచ్చట. చమ్కీకి ఇంగ్లీషువారు వాడే సీక్విన్ అనే మాటకు మూలం మన అరబీ పదం సిక్కా. నాణెం ముద్రించే అచ్చు అని దాని అర్థం. అది ఇటలీ చేరి వెనిస్ బంగారు నాణేనికి పేరయింది, అక్కడి నుంచి మెరిసే బిళ్లకు వచ్చింది. 1922లో వెలికివచ్చిన టుటన్‌ఖామున్ సమాధిలోని వస్త్రాలకు కూడా బంగారు బిళ్లలు కుట్టి ఉన్నాయట. మన నానమ్మల జరీ దుస్తులు పాతబడితే వాటిని కాల్చి వెండి రాబట్టేవారు. ఈనాటి చమ్కీ ప్లాస్టిక్. దానికి 28 వేలు పోసినా మరునాడు చేతికి తిరిగి వచ్చేదేమీ ఉండదు. చెల్లెలికి మతపరమైన మాట కన్నా ఈ లెక్కే ఎక్కువగా పట్టింది.

ఇక కుట్టు సంగతి. చమ్కీ బట్టకు చేపపొలుసుల్లా ఒక వాలు ఉంటుంది. చేత్తో నిమిరితే ఒకవైపు నునుపుగా, ఎదురువైపు గరుకుగా తగులుతుంది. నునుపు కిందికి వచ్చేటట్లు అన్ని ముక్కలూ ఒకే దిశలో కత్తిరించాలి, లేకపోతే వెలుతురులో ముందు ఒక రంగు, వెనుక ఒక రంగులా కనిపిస్తుంది. బట్టను రెండు మడతలుగా వేయకూడదు. ఒంటి పొరగా, చమ్కీ నేలవైపు ఉండేలా పరచి గీయాలి. మంచి కత్తెర పెట్టకండి, మొద్దుబారిపోతుంది. కింద పాత దుప్పటి పరచుకుంటే రాలినవన్నీ ఒకచోట చేరతాయి.

అసలు ఓపిక కావలసింది కుట్టు పడే అంచు దగ్గర. అంగుళం లోపు చమ్కీలన్నీ తీసివేయాలి. దారాన్ని కత్తిరించారా, వరుస వరుసంతా జారిపోతుంది. చమ్కీ బిళ్లనే అంచు నుంచి రంధ్రం దాకా కత్తిరిస్తే అది ఊడివస్తుంది, దారం నిలుస్తుంది. మేము ముగ్గురం ఇషా తర్వాత కూర్చుని నాలుగు రాత్రులు ఈ పనే చేశాం. ఆ రాత్రుల్లో చెల్లెలు మొదటిసారిగా తన భర్త ఆఖరి రోజుల గురించి కూతురి ఎదుట మాట్లాడింది. చేతులకు పని ఉన్నప్పుడు మాట సులువవుతుంది కాబోలు.

తర్వాత మిషను కుట్టు తేలికే. 14వ నంబరు సూది పెట్టి నెమ్మదిగా నడపాలి. బిళ్ల మీద పడితే సూది విరిగి ఎగురుతుంది కనుక కళ్లద్దాలు తప్పనిసరి. నాకు ఎలాగూ ఉన్నాయి. కుట్టిన తర్వాత అతుకు వద్ద ఖాళీ కనిపించిన చోట, తీసి దాచిన బిళ్లలను చేత్తో కుట్టాం. మెడకు, చంకలకు అస్తర్ బట్టతోనే లోపలి పట్టీ వేశాం, ఒంటికి గుచ్చుకోకుండా. ఇస్త్రీ మాత్రం ఎన్నడూ నేరుగా పెట్టరాదు, ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది.

దుపట్టా నడుమ తలమీదికి వచ్చే భాగంలో జానెడు వెడల్పున చమ్కీలు తీసివేయమని నేనే పట్టుబట్టాను. వలీమా హడావిడిలోనూ నమాజు వేళ వస్తుంది. దుపట్టా అంచు నుదుటి కిందికి జారితే సజ్దాలో ఆ బిళ్లలు గుచ్చుకుంటాయి. అమ్మాయి ముందు మూతి ముడిచింది. అత్తవారింట జుహర్ నమాజు చేసుకున్నాక "ఖాలా, నువ్వన్నది నిజమే" అని ఫోను చేసింది.

మా మదరసాలో ఇద్దరు బాలికల తల్లులు ఇంటివద్ద చమ్కీ పని చేస్తారు. ముక్కకింత అని కూలి. మేము నాలుగు రాత్రులు పడ్డ శ్రమ వారికి ఏడాది పొడవునా ఉంటుంది. 28 వేలలో వారి వేళ్లకు చేరేది ఎంతో దుకాణదారులు చెప్పరు. దుపట్టా అంచుకు కట్టుపని వారిలో ఒకామెకే ఇచ్చి, ఆమె అడిగిన ధర బేరం లేకుండా ఇచ్చాం.

ఆ దుస్తులను మడవకుండా మెత్తని నూలుగుడ్డతో చుట్టి పెట్టెలో ఉంచారు. ఈదుల్ ఫిత్ర్‌కు తాను వేసుకుంటానని చిన్నమ్మాయి ఇప్పటినుంచే అడుగుతోంది. ఆమె అక్కకన్నా పొడగరి. కింద నాలుగంగుళాలు అతకాలి, మిగిలిన ముక్క సరిపోతుంది.